అచ్చు వెన్నెలకు సారపాక తెలుపు

గోడకు తగిలించిన రాత్రి దృశ్యం ప్రింటును భూతద్దంతో చూస్తే ఆకాశం నిండా సయాన్, మెజెంటా, నలుపు చుక్కలు కిక్కిరిసి కనిపిస్తాయి. చంద్రుడి దాకా వచ్చేసరికి అవి పలచబడతాయి. బింబం నడిమిన ఒక్క చుక్కా ఉండదు. మామూలు ఆఫ్‌సెట్ ముద్రణలో తెల్ల సిరా వాడరు కాబట్టి అక్కడి వెలుగంతా ఖాళీగా వదిలిన కాగితానిదే. అందుకే రాత్రి చిత్రాల చరిత్రను చిత్రకారుడితో మొదలుపెట్టి మ్యూజియంతో ముగిస్తే అది సగం చరిత్రే అవుతుంది. కాగితం తయారైన చోటు కూడా అందులోకి రావాలి. ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున ఆ చోటు గోదావరి ఒడ్డునే, భద్రాచలానికి ఆవలి గట్టున ఉన్న సారపాక కాగితం మిల్లు.

జపాను చిత్రకారుడు హిరోషిగే 1856లో ఎడో నగరంలోని నాటకశాలల వీధిని పున్నమి రాత్రి చూపిస్తూ ఒక బొమ్మ చేశాడు. అది మొదటి నుంచీ అచ్చు కోసమే పుట్టిన బొమ్మ. చెక్క దిమ్మెలు చెక్కి, ఒక్కో రంగూ విడివిడిగా అద్దారు. కాగితం మల్బరీ జాతి మొక్క బెరడు నారతో చేసినది. అలాంటి అచ్చుల్ని సేకరించిన చిత్రకారుడు వాన్ గో 1887లో హిరోషిగే బొమ్మలు కొన్నింటిని తైలవర్ణాల్లో తిరిగి వేశాడు. 1889 జూన్‌లో ‘నక్షత్రాల రాత్రి’ గీశాడు. అందులో నక్షత్రాలు దట్టంగా మెత్తిన రంగే కదా, ప్రింటులో ఆ మందం ఎక్కడిదని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆ మందం ప్రింటుకు రాదు. కానీ 1941 నుంచి న్యూయార్క్ మ్యూజియంలో ఉన్న ఆ కాన్వాస్‌ను కళ్లారా చూసిన తెలుగువాళ్లు ఎందరు? మిగతా వాళ్లకు తెలిసిన నక్షత్రాలు పుస్తకంలోనో పోస్టరులోనో చూసినవే. రంగు మందం పోయిన చోట వెలుగు భారమంతా కాగితం మీదే పడుతుంది.

సారపాక మిల్లులో ఉత్పత్తి 1979లో మొదలైంది. భద్రాచలం పేపర్‌బోర్డ్స్‌గా పుట్టిన ఆ సంస్థ 2002లో ఐటీసీలో కలిసిపోయింది. మొదట్లో అడవి వెదురు, కలప వాడేవారు. తర్వాత భారం రైతుల చేలలోని సుబాబుల్, జామాయిల్ మీదికి మారింది. ఈ చుట్టుపక్కల చెలకల్లో బారులు తీరిన జామాయిల్ తోటలకు మూలం అదే. బెరడు తీసిన దుంగల్ని ముక్కలు చేసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంలో ఉడికిస్తారు. నారలను పట్టి ఉంచే లిగ్నిన్ కరిగి నల్లటి ద్రవంగా విడిపోతుంది. మిగిలిన గోధుమ రంగు గుజ్జును బ్లీచింగ్ చేస్తే తెలుపు తేలుతుంది.

రాత్రి చిత్రాల చరిత్రలోకి సారపాకను తేవాలన్న వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. గ్యాలరీలు అమ్మే ఖరీదైన ప్రింట్లకు దూది నార కాగితం వాడతారు. సారపాక సరుకు ఎక్కువగా అట్టపెట్టెలకూ రాత పుస్తకాలకూ పోతుంది. అలాంటప్పుడు దానికీ కళకూ ఏమిటి సంబంధం? సంబంధం లిగ్నిన్ దగ్గర తెలుస్తుంది. దూదిలో అది దాదాపు ఉండదు కాబట్టి ఆ కాగితం చాలాకాలం తెల్లగా నిలుస్తుంది. లిగ్నిన్ తీయని న్యూస్‌ప్రింట్ ఎండ తగిలితే ఇట్టే పసుపెక్కుతుంది. దాని మీద అచ్చయిన రాత్రి బొమ్మలో నల్ల ఆకాశం అలాగే ఉన్నా చంద్రుడు మట్టిరంగుకు తిరుగుతాడు. ఉడికించి బ్లీచ్ చేసిన కలప గుజ్జు ఈ రెంటికీ నడుమ ఉంటుంది. దూదికీ కలపకూ తేడా మన్నికలోనూ ధరలోనూ ఉంది గానీ, వెన్నెలను కాగితమే ఇస్తుందన్న సూత్రం రెంటికీ ఒకటే. పైగా సామాన్యుడి ఇంటికి బొమ్మ వచ్చేది పాఠ్యపుస్తకంగా, క్యాలెండర్‌గా, గ్రీటింగ్ కార్డుగా. అవన్నీ చాలావరకు కలప కాగితమే.

ఆ తెలుపు ఊరికే రాలేదు. వెదురు నరికిన అడవికీ, తిండిపంట మాని జామాయిల్ వేసిన చెలకకూ, మిల్లు వాడే నీటికీ అందులో లెక్క ఉంది. రైతుకు డబ్బు వచ్చిందన్నదీ, భూమి ఒకే పంటకు అంకితమైందన్నదీ రెండూ ఆ లెక్కలోవే. ప్రింటు కింద చిత్రకారుడి పేరు, సంవత్సరం, మ్యూజియం వేస్తున్నాం. కాగితం ఏ నారతో, ఎక్కడ తయారైందో మరొక్క వరుసలో వేస్తే కొనేవాడికి ప్రింటు మన్నిక తెలుస్తుంది, కళాచరిత్రలో సారపాక లాంటి ఊళ్లకు చోటు దొరుకుతుంది.