ఎడమ కాలి పెడల్ కథ

డబుల్ బాస్ డ్రమ్ పెడల్ కొనబోతే అమ్మేవాడు బేరింగులు, స్ప్రింగులు, షాఫ్టు అంటూ చాంతాడంత చిట్టా చదువుతాడు. ఆ చిట్టా అంతా నిజానికి ఎడమ కాలి కథే.

1909లో షికాగోలో విలియం లుడ్విగ్ వేగంగా కొట్టే పెడల్ తయారుచేశాక, పెద్ద డ్రమ్ము కుడి కాలి సొత్తయింది. ఎడమ కాలికి ఆ తర్వాత హై-హాట్ తాళాలు దక్కాయి. లూయీ బెల్సన్ అంతటితో ఊరుకోలేదు. రెండు కాళ్ళకీ రెండు పెద్ద డ్రమ్ములని బళ్ళో చదివే రోజుల్లోనే బొమ్మ గీసుకున్నాడు. 1951లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో చేరి వాటిని వాయించి చూపించాడు. బాగానే ఉంది, మరి ఆ రెండో డ్రమ్ము మోసేదెవరు?

డీడబ్ల్యూ కంపెనీ 1983లో తెచ్చిన 5002 పెడల్ ఆ బరువు తప్పించింది. ఎడమ పెడల్ తొక్కితే పొడవాటి షాఫ్టు తిరుగుతుంది, కుడి పెడల్ మీదున్న రెండో బీటర్ అదే డ్రమ్మును కొడుతుంది. చిక్కల్లా ఒకటే: షాఫ్టు కీళ్ళు కాస్త వదులైనా ఎడమ దెబ్బ వెనకబడుతుంది. మంచి బేరింగులు, బిగువైన కీళ్ళు, ఏ కాలికా కాలికి సర్దుకునే స్ప్రింగు... ఇవన్నీ ఆ తేడా తగ్గించడానికే.

కాబట్టి కొనేముందు ఎడమ కాలితో తొక్కి చూడండి. కుడి కాలు ఎలాగూ వందేళ్ళకు పైగా సుఖపడుతూనే ఉంది!