బొగ్గుబండియు రేడియోపెట్టెయు

కాజీపేటనుండి బెజవాడకుఁ బోవు ఇనుపదారిమీద వరంగల్లును, నెక్కొండను దాటి, మానుకోట యింకను రాకమునుపే కేసముద్రము వచ్చును. నిన్నమొన్నటివఱకు వరంగల్లు జిల్లాలోనిదై, 2016 అక్టోబరులో మహబూబాబాదు జిల్లాలో చేరిన యీ యూరికి రెండు ముఖములు గలవు: ఒకటి స్టేషను, రెండవది మార్కెట్టు. పసుపు, మిరప, మక్కలు బండ్లకెత్తుకొని వచ్చిన రైతు తన రాసి కాంటాకెక్కువఱకు పూటలకుఁ బూటలు గోనెసంచులపై కూర్చుండవలసినదే. లోకమునందలి వాదములన్నియు ఇట్టి కాచుకొనుటలోనే పుట్టినవని నాకొక నమ్మకము. పని గలవాఁడు వాదింపఁడు; పని లేనివానికి వినువారుండరు; పని యుండియు అది జరుగక చిక్కుకొన్నవారు నలుగురు ఒకచోట చేరినప్పుడే వాదము పండును.

ఆ వాదములలో నా యెఱుకలో ఎన్నఁడును తెగనివి రెండు. ఒకటి కరెంటును గూర్చినది, మఱియొకటి గాలిలో వచ్చు మాటను గూర్చినది. ఎవరు తెచ్చిరి, ఎవరికిచ్చిరి, వెల యెంత, సర్కారు చేతిలో నుండవలెనా కూడదా? నేఁటి యువకులు చేతి ఫోనులలో పరస్పరము తిట్టుకొనుచున్న సంగతియు ఇదియే. ఇది క్రొత్త వ్యాధి యని పెద్దలు విసుగుకొందురు గాని, దీని వయస్సు ఆ పెద్దలకంటె నెక్కువ.

దీని మొదలు ఈ యినుపదారిలోనే యున్నది. నిజాము రాజ్యపు రైలుమార్గము 1886లో వరంగల్లును, 1889లో బెజవాడను చేరినది. బాటసారులకొఱకే ఆ దారి పడినదనుకొనుట అమాయకత్వము. భారత భూగర్భశాఖకు చెందిన విలియం కింగు 1871లో ఇల్లెందు పరిసరములలో బొగ్గున్నదని కనుఁగొనెను. 1889నాఁటికి అచట త్రవ్వకము మొదలయ్యెను. జనులు నేఁటికిని బొగ్గుట్ట యని పిలుచు ఆ యూరినుండి డోర్నకలుకు ఒక శాఖామార్గము వచ్చి కలిసినది. సింగరేణి యను పల్లె పేర 1920 డిసెంబరు 23న సంస్థ యేర్పడుటకుఁ బూర్వమే, ఆ నల్లని సరకు డోర్నకలు కూడలినుండి కేసముద్రము మీఁదుగ ఉత్తరమునకు సాగిపోవుచుండెను. హైదరాబాదు నగరమున విద్యుద్విభాగము 1910 ప్రాంతమున వెలసినది. హుస్సేనుసాగరు గట్టున బొగ్గు మండించి విద్యుత్తు పుట్టించు కేంద్రము 1920నాఁటిది. ఇంటిముందునుండి బొగ్గు పోవుచుండఁగా, ఆ బొగ్గు వెలిఁగించు దీపము నూఱు మైళ్ల యావల నవాబుల దేవిడీలలో వెలుఁగుచుండఁగా, ఈ పల్లెలు కిరసనాయిలు బుడ్డిక్రింద పొద్దు గడపిన కాలము ఒకటి రెండు తరములు గలదు. తెలంగాణమున విద్యుత్తును గూర్చిన తగవునకు ఇదియే మొదటి వాక్యమని నేననుకొందును. తరువాతి వాక్యములన్నియు దీనికి వ్యాఖ్యానములే.

విచిత్రమేమన, మన పల్లెలకు వెలుఁగుకంటె ముందు మాట వచ్చినది. హైదరాబాదులో తపాలాశాఖోద్యోగియగు మహబూబు అలీ యను నాతఁడు 1933లో చిరాగలీ గల్లీలో 200 వాట్ల చిన్న ప్రసారయంత్రమును నెలకొల్పెను. 1935 ఫిబ్రవరిలో నిజాము ప్రభుత్వము దానిని స్వాధీనపఱచుకొనెను. అదియే డెక్కను రేడియో. ఒక ప్రజ కుతూహలముతో మొదలిడినదానిని పాలకుఁడు రెండేండ్లు తిరుగకమునుపే తనదిగాఁ జేసికొన్న యీ సంగతి మన ప్రసారచరిత్రకంతకును నాందీవాక్యమువలె నున్నది. ఆ కేంద్రపు ప్రధానభాష ఉర్దూ. రాజ్యములో సగముపాలు ప్రజలు మాటాడు తెలుఁగు అందు అతిథివలె వచ్చి పోవుచుండెను. తెలుఁగు వినఁగోరువారు 1938 జూను 16న మొదలైన మద్రాసు కేంద్రమును రాత్రివేళ గరగరలనడుమ వెదకికొనవలసినదే.

ఆ రేడియోపెట్టె యొక్కసారి మాత్రము ఈ ప్రాంతమునంతను చెవియొగ్గి వినునట్లు చేసినది. 1948 సెప్టెంబరు 17 సాయంకాలమున డెక్కను రేడియోలో సాక్షాత్తు నిజాము గొంతే వినవచ్చెను. అంతకుమున్ను రజాకార్ల నాయకుఁడు ఖాసిం రజ్వీ ప్రసంగములతో ఉడికిన గాలిలోనే భారతసైన్యముతో యుద్ధవిరామము ప్రకటింపఁబడెను. పల్లె పల్లెనా పోరాటము రగిలిన వరంగల్లు జిల్లాలో నాఁడు రేడియో యున్న యిండ్లు వ్రేళ్లమీఁద లెక్కింపఁదగినవే యైనను, ఆ వార్త నోటనోట మఱునాఁటికి కాలినడకదారులన్నిఁట ప్రాఁకినదనుట సహజము. అదే సంవత్సరము డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ఆరంభమయ్యెను. 1950 ఏప్రిలు 1న డెక్కను రేడియో ఆకాశవాణిలో లీనమయ్యెను. అప్పటినుండి మాటల తగవు మఱియొక రూపు దాల్చెను. ఉర్దూ ప్రాబల్యము తొలఁగినది సరియే. దాని స్థానమున వచ్చిన తెలుఁగు ఎవరి తెలుఁగు? కృష్ణాతీరపు పలుకుబడిని ప్రమాణముగా గ్రహించిన ప్రసారమును విని, తన యింటి మాట నాటకములలో నవ్వు పుట్టించుటకు మాత్రమే పనికివచ్చుచున్నదని తెలంగాణపు శ్రోత గ్రహించుటకు చాలకాలము పట్టలేదు. ఇది చిన్న గాయము కాదు. అయినను ఢిల్లీనుండి వార్తలు చదివిన అద్దంకి మన్నారు, జోలెపాళెం మంగమ్మ మున్నగువారి స్పష్టోచ్చారణను అదే శ్రోత యెంతయో ప్రేమించెననియు చెప్పకున్న సత్యము చెప్పినట్లు కాదు.

కరెంటు లేని యూళ్లలో రేడియో యెట్లు మ్రోఁగెనని నేఁటివారడుగుదురు. బ్యాటరీమీఁద మ్రోఁగెను. మోటారుబండి బ్యాటరీవంటి బరువైన పెట్టెను, కరెంటున్న పట్టణమునకు మోసికొనిపోయి ఛార్జి చేయించి, మరల మోసికొనివచ్చి తగిలించెడివారు. వినికిడి సగము కాకమునుపే అది నీరసించి, మాట గొణుఁగుఁబడును. పంచాయతీ కార్యాలయపు మీఁద కట్టిన లౌడుస్పీకరు సాయంకాలమున వాతావరణమును, పంటల ముచ్చట్లను, బజారు ధరలను వినిపించెడిది. మార్కెట్టున కూర్చున్న రైతునకు ఆ ధరలు కొండంత ఆయుధము. సేటు చెప్పు ధరకు ఎదురుమాట యనునది తొలిసారిగ గాలిలో వచ్చినది. 1952లో ప్రసారమంత్రి యైన కేస్కరు సినిమాపాటలు సంస్కృతిని చెఱచునని వానిని రేడియోనుండి దాదాపు వెడలఁగొట్టఁగా, జనులు తర్కింపక, మెమోరాండములు సమర్పింపక, ముల్లును సింహళపు రేడియోవైపునకు త్రిప్పుకొనిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టి పాటలను తిరిగి తెచ్చినది. ప్రభుత్వముతో ప్రజలు చేసిన వాదములలో ఇంత నిశ్శబ్దముగను, ఇంత సంపూర్ణముగను గెలిచినది మఱియొకటి లేదు.

రేడియో యున్నవాఁడు తపాలాఫీసులో లైసెన్సు పుస్తకము తీసికొని ఏటేట 15 రూపాయలు కట్టవలసియుండెను. ఇంగ్లండులో బి.బి.సి.కి జనులు కట్టు రుసుము ఆ సంస్థను మంత్రుల చేతికి చిక్కకుండ కాచు కంచెయని పేరు. మనకు రుసుము వచ్చినది, కంచె రాలేదు. కట్టినవాఁడు మాత్రము ‘నా పైకముతో నడచుచున్నది గదా’ యని అడుగఁగల యొకానొక హక్కు తనకున్నట్లు భావించెడివాఁడు.

ఇఁక కరెంటు సంగతి. కాకతీయుల చెఱువుల నీడలో బ్రతికిన యీ సీమలో, చెఱువుక్రిందికి రాని చేనికి మోటయే దిక్కు. ఎద్దులు వాలుదారిలో దిగుచు ఎక్కుచు తోలుబొక్కెనతో పొద్దంతయు తోడిన నీరు ఎకరమునకు చాలుట కష్టము. మోట పోయి ఆయిలింజను వచ్చెను. ఇంజను పోయి కరెంటు మోటరు వచ్చెను. 1959 ఏప్రిలు 1న ఏర్పడిన రాష్ట్ర విద్యుత్మండలి తీఁగలు లాగుచు పోయెను. కేసముద్రపు రైతు వాదములో ‘యూనిట్టు’ అను మాట అప్పుడే చేరినది. బాయికాడ చిన్న కొట్టములో మీటరు; మీటరునుబట్టి బిల్లు. మిరపకు కాంటా యున్నట్లే, కరెంటుకును కాంటా యుండెను.

1980వ దశకారంభమున ఆ కాంటాను దించివేసిరి. మీటరు చదువుటకు చేలవెంట తిరుగువారి జీతములును, అందలి మోసములును, రైతుల గోడును కలిసి అశ్వశక్తినిబట్టి రుసుము కట్టు పద్ధతికి దారి తీసినవి. 1983లో అధికారమునకు వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వము దానిని అశ్వశక్తికి ఏడాదికి 50 రూపాయలుగ నిర్ణయించెను. అయిదు అశ్వశక్తుల మోటరు రేయింబవళ్లు తిరిగినను, తిరుగకున్నను, 250 రూపాయలే. అదే దశకము నడుమ తపాలాఫీసులోని రేడియో లైసెన్సు పుస్తకమును రద్దయ్యెను. రెండును జనులు మెచ్చిన పనులే, నేనును మెచ్చినవాఁడనే. కాని రెండింటి పరిణామము ఒక్కటే యగుటను నాఁడెవరును గమనింపలేదు. తూకము లేని సరకును గూర్చిన వాదము తేలదు. రైతు వాడునది యెంత? ఎవరికిని తెలియదు, అంచనా. ఆ అంచనాలో తీఁగలవెంట కాఱిపోయినదెంత, పరిశ్రమలవారు దొంగిలినదెంత, రైతుపేర వ్రాసినదెంత? నలువదేండ్లుగా శాసనసభలోను, విచారణలలోను, టీ కొట్లలోను జరుగుచున్న విద్యుద్వాదములో సగము ఈ లేని మీటరు చుట్టును తిరుగుచున్నదే. రేడియో విషయమునను అంతే. వినువారెందఱో లెక్క తెలియదు గనుక, ‘ఎవరు వినుచున్నారు’ అని మూయఁగోరువాఁడును, ‘పల్లెలన్నియు వినుచున్నవి’ అని నిలుపఁగోరువాఁడును సమాన ధైర్యముతో పలుకఁగలరు.

రుసుము తగ్గినది గాని కరెంటు పెరుగలేదు. రాత్రి ఏ రెండు గంటలకో త్రీఫేజు వచ్చెడిది; రైతు టార్చిలైటు పట్టుకొని బాయికాడికి పోవలసియుండెను. తేలు, పాము, తడిచేతికి తగులు తీఁగ: ఈ మూఁటిచేత పోయిన ప్రాణములు పల్లె పల్లెకును కలవు. ఆ నడకను తప్పించుటకే ఆటోస్టార్టరు అను చిన్న పెట్టె వచ్చినది. కరెంటు వచ్చినంతనే తానే మోటరును నడుపును. ఒక్క రైతు పెట్టుకొన్న సుఖమే. ఊరంతయు పెట్టుకొన్న నాఁడు, కరెంటు వచ్చిన క్షణముననే నూఱు మోటర్లు ఒక్కపెట్టున గుంజఁగా వోల్టేజి పడిపోవును, ట్రాన్సుఫార్మరు కాలిపోవును. మఱునాఁడు చందా వేసికొని, దానిని ట్రాక్టరుమీఁద రిపేరుకు తీసికొనిపోవుటయు, అది వచ్చువఱకు ఎండుచున్న వరిని చూచుకొనుటయే పని. చెఱువులలో పంచుకొని వాడుకొన్న నీటివంటిది కాదు ఈ బోరునీరు. లోతైన బోరు వేసినవాఁడు ప్రక్కవాని బాయిని పాతాళమునుండి త్రాగును.

1998 విద్యుత్సంస్కరణల చట్టముతో విద్యుత్మండలి ముక్కలైనది; 1999లో ఉత్పత్తికి జెన్కో, సరఫరాకు ట్రాన్స్కో పుట్టినవి; తరువాత మన ఉత్తరజిల్లాల పంపిణీసంస్థకు హనుమకొండ కేంద్రమయ్యెను. ప్రపంచబ్యాంకు అప్పును, ఛార్జీల పెంపును ఎదిరించిన ఆందోళన 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీరుబాగులో పోలీసు కాల్పులతో రక్తసిక్తమయ్యెను. కరెంటు బిల్లుకొఱకు ప్రాణములు పోవుట చూచిన రాష్ట్రమున 2004 మే 14న ముఖ్యమంత్రియైన రాజశేఖరరెడ్డి మొదటి సంతకము ఉచిత విద్యుత్తుపైఁ బడుటలో ఆశ్చర్యము లేదు. 2014 రాష్ట్రవిభజనలో విద్యుత్తును జనాభానుబట్టి కాక వాడుకనుబట్టి పంచఁగా, తెలంగాణమునకు నూటికి 53.89 పాళ్లు వచ్చెను. ఆ వాడుకలో బోరుమోటర్ల పాలెంత యన్నది మరల అంచనాయే. 2018 జనవరి 1నుండి ఇరువదినాలుగు గంటలు కరెంటిచ్చుచు, ఆటోస్టార్టర్లను తీసివేయుఁడని ప్రభుత్వమే రైతులను బ్రతిమాలవలసి వచ్చెను. లేమికి మందుగా వచ్చిన పెట్టె కలిమిలో రోగమైనది. మోటర్లకు మీటర్లు మరల బిగింపవలెనని ఢిల్లీనుండి మాట వచ్చినప్పుడు తెలంగాణమున లేచిన కోపము అందఱు నెఱిఁగినదే. మీటరన్నది కొలతయని యొకరు, ఉరియని యొకరు. బిల్లు వేయకయే కొలువవచ్చునను మధ్యమమార్గమును పలికినవారి మాట నాకు సమంజసముగఁ దోఁచును. మార్కెట్టున పలికి చూచితిని, ఎవరును వినలేదు.

గాలి సంగతియు ఇట్లే సాగినది. ఆకాశవాణిని మంత్రులనుండి విడిపింపవలెనని చందా కమిటీ 1966లోను, ఎమర్జెన్సీ చేదు రుచి చూచిన పిమ్మట వర్గీసు కమిటీ 1978లోను చెప్పినవి. 1990లో ప్రసారభారతి చట్టమైనది. ఆ సంవత్సరమే వరంగల్లునకు సొంత ఎఫ్.ఎం. కేంద్రమును వచ్చినది. చట్టము మాత్రము ఏడేండ్లు అలమారులో నిదురించెను. అందులో అయిదేండ్లు, కేసముద్రమునకు కూతవేటు దూరము గాకున్నను పొరుగుననే యనఁదగిన నర్సంపేట సీమయందలి లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావే ప్రధానమంత్రి. ఆయనపట్ల మావారికి గల గౌరవము ఈ మాట చెప్పుటకు అడ్డు రాకూడదు. 1995 ఫిబ్రవరిలో ఆకాశతరంగములు ప్రజల సొత్తని, ప్రభుత్వపు సొత్తు కాదని సుప్రీముకోర్టు తీర్పిచ్చినప్పుడు, వేఱుగా తన తీర్పును వ్రాసిన బి.పి. జీవనరెడ్డియు తెలుఁగువాఁడే. ప్రసారభారతి 1997 నవంబరులో నిజముగ నెలకొన్నది. ఇంతలో ఉపగ్రహపు టీవీలు ఇల్లిల్లు చొరఁబడఁగా, విడిపింపవలసిన పక్షికి పంజరమే చాలు నన్నట్లు ఆ స్వేచ్ఛ చల్లఁబడినది. జహీరాబాదు దగ్గఱి మాచునూరులో దళితమహిళలు ప్రసారశాలను కట్టికొని ఏండ్లకు ఏండ్లు అనుమతికై వేచి, 2008 అక్టోబరు 15న తమ యాసలో తాము మాటాడుకొన్న సంగం రేడియో మాత్రము, డెక్కను రేడియోనాఁటి ప్రశ్నకు దొరకిన తొలి చక్కని యుత్తరమనిపించును.

మొన్నటి వేసవిలో మార్కెట్టుప్రక్క టీ కొట్టువద్ద ఇరువురు యువకులు ఒకే ఫోనులోనికి చూచుచు, ఎవరి పాలనలో కరెంటెన్ని గంటలుండెనని తగవులాడుచుండిరి. ‘గప్పుడు రాత్రి బాయికాడ పడుకున్నది నువ్వా నేనా’ యని సంచిమీఁదనుండి యొక వృద్ధుఁడు అందుకొనెను. అంతలో స్టేషనువైపునుండి బొగ్గుబండి వచ్చినది. బొగ్గుతో పుట్టిన కరెంటును పైతీఁగనుండి పీల్చుచు, బొగ్గునే లాగికొనిపోవుచున్న యింజను. దాని వెనుక లెక్కకు మిక్కిలి పెట్టెలు. ఆ రొదలో ఎవరి మాటయు ఎవరికిని వినఁబడక మువ్వురును ఊరకుండిరి. ఒక్కొక్క పెట్టె ప్రక్కనను తెల్లని రంగుతో వ్రాసిన అంకెలుండెను: ఖాళీపెట్టె బరువింత, మోయు బరువింత. వృద్ధుఁడు కన్నులు చికిలించి, వానిని ఒక్కొక్కటిగ పైకి చదువుచు కూర్చుండెను.