గ్రాంటు డబ్బూ, దాని లెక్కా



పేటలో పదిమంది ఆడవాళ్లం కలిసి మహిళామండలి పెట్టుకున్నామనుకోండి. మొదటి నెల కుట్టుమిషన్ల గురించి మాట్లాడుకుంటాం, రెండో నెల పసిపిల్లల బడి గురించి. మూడో నెలకల్లా ఎవరో ఒకరు అననే అంటారు, "గవర్నమెంటు గ్రాంటు ఏమైనా వస్తుందేమో కనుక్కోరాదుటండీ?" అని. ఈ గ్రాంటనేది మనలాంటి వాళ్ల సంఘాల గుమ్మందాకా ఎలా నడిచి వచ్చిందో ఇవాళ చెప్పుకుందాం. దాన్ని నడిపించుకొచ్చింది మన తెలుగావిడే, దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆవిడ 1909లో రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగారు. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలకూ ముస్లిం స్త్రీలకూ ఆయన చేత విడిగా ఒక సభలో మాట్లాడించాలని పట్టుబట్టారు. అప్పటికి ఆవిడకు పన్నెండేళ్లు కూడా నిండలేదు. 5,000 రూపాయల నిధి పోగుచేసి తెస్తే కాసేపు సమయం ఇప్పిస్తామన్నారట నిర్వాహకులు. ఆ స్త్రీల సాయంతోనే ఆ డబ్బు పోగుచేశారు. రెండేళ్ల తరువాత, 1923 కాకినాడ కాంగ్రెసులో, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపేశారు. టిక్కెట్టు కొన్నాకే లోపలికి పంపారు. ఈ కథ మీరూ వినే ఉంటారు. దీన్ని అందరూ ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు గాని, నాకెప్పుడూ అది పద్దుల కథలాగే కనపడుతుంది. ప్రజల సొమ్ముతో నడిచే చోట పెద్దవారికొక లెక్కా చిన్నవారికొక లెక్కా ఉండకూడదని ఆ పిల్లకు అప్పుడే తెలుసు మరి!

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన వాళ్లనూ, భర్త పోయిన వాళ్లనూ కూర్చోబెట్టి కాశీ మెట్రిక్యులేషన్ పరీక్షకు చదివించారు. ఇల్లిల్లూ తిరిగి చందాలు అడగడం ఎంత కష్టమో, అడిగి తెచ్చిన డబ్బు ఏ మూలకూ చాలకపోతే ఎలా ఉంటుందో ఆవిడకు అక్కడ బాగా తెలిసివచ్చింది. ఆ అనుభవంతోనే 1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు.

అప్పుడు దేశంలో అనాథాశ్రమాలూ, శరణాలయాలూ, మహిళా సమాజాలూ చాలానే ఉండేవి. చాలామటుకు చందాలమీద బతికేవి. ప్రభుత్వమే కొత్తగా ఒక శాఖ పెట్టి, ఉద్యోగుల్ని వేసి ఈ పనంతా చేయవచ్చు. ఉన్న సంఘాలకే డబ్బిచ్చి వాటిచేతే చేయించవచ్చు. దుర్గాబాయిగారు రెండో దారి పట్టారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ డబ్బు పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. ఆవిడే మొదటి అధ్యక్షురాలు. ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌గారి భార్య కదా, అడిగినంతా తెచ్చుకున్నారని ఎవరైనా అనుకోవచ్చు. ప్రణాళిక పార్లమెంటు ముందుకు వచ్చింది 1952 డిసెంబరులో, వాళ్ల పెళ్లి అయింది 1953 జనవరిలో. ఈ తేదీలు మాత్రం గుర్తుపెట్టుకోండి!

ఇక అసలు సంగతికి వస్తాను. గ్రాంటు ఊరికే రాదు. సంఘం రిజిస్టరై ఉండాలి. దానికొక కార్యవర్గం ఉండాలి, మినిట్సు పుస్తకం ఉండాలి. ఏ పనికని తెచ్చారో ఆ పనికే ఖర్చుపెట్టాలి. పిల్లల పాలకని వచ్చిన డబ్బు బెంచీలకు వాడితే, బెంచీలు ఎంత అవసరమైనా సరే, అది తప్పే. రసీదులూ వోచర్లూ దాచాలి, ఆడిటరుచేత లెక్కలు తనిఖీ చేయించాలి, ఇచ్చింది దానికే వాడామని ధ్రువపత్రం పంపాలి. అప్పుడు గాని తరువాతి వాయిదా రాదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. ఖర్చులో కొంత వాటా సంఘం తానుగా తెచ్చుకోవాలి. ఇది పేద సంఘాలకు అన్యాయమని అన్నవాళ్లున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పట్నంలో పలుకుబడి ఉన్న సమాజం ఒక సాయంత్రం నాటకం వేసి వాటా పోగుచేస్తుంది. పల్లెలో కూలికి పోయే ఆడవాళ్లు ఎక్కణ్ణించి తెస్తారు? అయినా నేను ఆ షరతు పక్షమే. మన ఇళ్లలో చూడండి, మనం పావలా అయినా వేసిన చీటీ లెక్కను ఎంత గట్టిగా అడుగుతామో! పైనుంచి పూర్తిగా ఊడిపడిన డబ్బుకు లెక్క అడిగే నాథుడుండడు. పేద సంఘం దగ్గర ఆ వాటాను నగదుగా అడగకుండా గదిగానో, చాకిరీగానో తీసుకుంటే సరిపోతుంది.

1954లో రాష్ట్ర బోర్డులు వచ్చాయి. వాటిని నడిపినవారు ఎక్కువగా స్త్రీలే. అదే ఏడాది పల్లెలకోసం సంక్షేమ విస్తరణ పథకాలు మొదలయ్యాయి. ఇంచుమించు 25 గ్రామాలను ఒక పథకంగా కూర్చి బాలవాడీ, మంత్రసాని, చేతిపనులు, వయోజనులకు చదువు అన్నీ ఒకచోట చేర్చారు. ప్రాజెక్టుల డబ్బు చూడవలసిన స్థానిక కమిటీలలోనూ ఆడవాళ్లే కూర్చున్నారు. అంతకుముందు ఇంట్లో పాలవాడి లెక్క తప్ప రాయని చేతులు వేలరూపాయల పద్దులమీద సంతకం పెట్టాయి. చరిత్ర పుస్తకాల్లో దీనికి ఒక్క పేరా కూడా దొరకదు!

చిక్కు అక్కడే వచ్చింది. గ్రామసేవికలుగా, బాలసేవికలుగా, నర్సులుగా పనిచేయడానికి డబ్బుంది గాని చదువుకున్న స్త్రీలు లేరు. పట్నం పిల్ల పల్లెకు వెళ్లదు, పల్లె పిల్ల బడిముఖం చూసి ఉండదు. దానికి దుర్గాబాయిగారు తన మద్రాసు సభ అనుభవాన్నే బయటికి తీశారు. 1958లో వయసొచ్చిన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమం మొదలైంది. ఎన్నో ఏళ్ల చదువు రెండేళ్లలో చెప్పి మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టేవారు. అది నడిపే సంఘాలకు బోర్డు గ్రాంటు ఇచ్చేది. మెట్రిక్ దగ్గరే ఆగిన నాబోటిదానికి ఆ పరీక్ష విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు. అదుంటే ఉద్యోగానికి అర్జీ పెట్టవచ్చు, అది లేకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

దుర్గాబాయిగారు 1981లో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడు, 1982లో, డ్వాక్రా వచ్చింది. అందులో డబ్బు సంస్థ చేతికి కాకుండా నేరుగా పల్లె ఆడవాళ్ల గుంపుకే, రివాల్వింగ్ ఫండుగా వచ్చేది. మన తెలుగు జిల్లాల్లో అది పొదుపు సంఘాలుగా ఎలా పాకిందో మీకు తెలిసిన సంగతే. బోర్డు మాటకొస్తే, 2022లో దాన్ని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆంధ్ర మహిళా సభ కాలేజీలూ ఆస్పత్రీ మాత్రం హైదరాబాదులో నడుస్తూనే ఉన్నాయి. పల్లె సంఘాల సంగతి చూస్తే, వారం వారం చాపమీద కూర్చుని పొదుపు పుస్తకం తెరుస్తారు. ఎవరు ఎంత కట్టారో ఒకామె పైకి చదువుతుంది. చదువు రాని ఆమె కూడా తన పేరు వచ్చేదాకా చెవి ఒగ్గి వింటుంది, అంకె తప్పితే అక్కడే ఆపుతుంది.