ఆయిల్ సీలు కథ

మోటారు కారు నిలిచిన చోట నేలపై నల్లని నూనె చుక్కలు పడుట చాలమంది చూచియే యుందురు. ఇంజనులోని క్రాంకు షాఫ్టు వెనుక కొన బయటికి వచ్చి క్లచ్చిని త్రిప్పవలెను. కనుక షాఫ్టు చుట్టు కొంత సందు ఉండక తప్పదు. ఆ సందున నూనెను ఆపు ఉంగరమే ఆయిల్ సీలు. దానిని మార్చుటకు గేరు పెట్టెను, క్లచ్చిని దింపవలెను. ఉంగరము వెల స్వల్పము, కూలి అధికము!

తొలినాటి ఇంజనులలో షాఫ్టుపై మరవంటి గాడి చెక్కి నూనెను లోపలికి మరలించెడివారు. లేదా గ్రాఫైటు పట్టించిన త్రాటిని చుట్టు బిగించెడివారు. ఇంజను ఆగిన మరగాడి పనిచేయదు, త్రాడు అరిగిపోవును. జర్మనీలోని వైన్‌హైములో 1849లో స్థాపితమైన ఫ్రాయిడెన్‌బెర్గు సంస్థ తోళ్ళు పదును చేసెడిది. 1929 నాటి ఆర్థిక మాంద్యమున తోలుకు గిరాకి పడిపోగా, ఆ తోలుతోనే సీళ్ళు చేయనారంభించెను. అక్కడి ఇంజనీరు వాల్టర్ సిమ్మర్ రూపొందించిన సీలులో తోలు అంచును ఒక స్ప్రింగు షాఫ్టుపై అదిమి పట్టును. స్ప్రింగు నేటికిని నిలిచినది, తోలు నిలువలేదు. వేడికి అది గట్టిపడి పగులును.

రబ్బరు వాడరాదా అని విద్యార్థులు అడుగవచ్చును. సహజ రబ్బరు బ్యాండు నొకదానిని కిరసనాయిలులో ఒక రాత్రి ఉంచి చూడుడు: ఉబ్బి, మెత్తబడి, లాగిన తెగిపోవును. రెండును హైడ్రోకార్బనులే కనుక ఒకదానిలో నొకటి చొచ్చును. 1930లో కొన్రాడ్, చున్‌కూర్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞులు బ్యూటాడయీనును ఎక్రిలోనైట్రైలుతో కలిపి క్రొత్త రబ్బరును చేసిరి. అందలి నైట్రైలు సమూహముల ధ్రువత వలన నూనె దానిలో సులభముగా చొరదు. 1936లో ఫ్రాయిడెన్‌బెర్గు సీళ్ళకు కృత్రిమ రబ్బరు అంచులు వచ్చినవి.

ఇంతకును ఆ అంచు నూనెను ఎట్లు ఆపుచున్నది? షాఫ్టును గట్టిగా అదుముట వలననే యనిన, పొడి రాపిడికి అంచు త్వరలోనే మాడిపోవలెను! 1957లో లండను సభకు సమర్పించిన పత్రములో జాగర్ అను పరిశోధకుడు అంచు క్రింద సన్నని నూనెపొర యున్నదని చూపెను. దాని మందము సుమారు మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అంచుకు నూనె వైపు వాలు ఎక్కువ, గాలి వైపు తక్కువ. ఈ తేడా వలన షాఫ్టు తిరుగునప్పుడు అంచు క్రిందికి వచ్చిన నూనె లోపలికే మరలుచుండును.

కనుకనే మెకానిక్కు క్రొత్త సీలుకు స్ప్రింగు గల ముఖమును నూనె వైపు త్రిప్పి, అంచుకు నూనె రాచి, వంకర పోకుండ దింపును. తిరగవేసిన నూనె బయటికే వచ్చును. మా మిత్రుని కారు క్రొత్త సీలు వేసినను కారినది. విప్పి చూడగా సీలు బాగుగనే యున్నది. పాత సీలు అంచు షాఫ్టుపై గాడి కోసినది. రబ్బరు ఉక్కును కోయుటయా అని నేను ఆశ్చర్యపడితిని. అంచు క్రింద చిక్కిన దుమ్ము రేణువులు ఆకురాయి వలె పనిచేసినవట. సీలును రెండు మిల్లీమీటర్లు లోతుగా దించి, గాడి లేని చోట అంచు ఆనునట్లు చేసిన పిదప నూనె ఆగినది.