దుబాసి అడిగిన ప్రశ్న

పుత్తూరు సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ఒక పొలముపై తాకట్టులున్నవో లేవో తెలిసికొనగోరువారు ఈ.సి. కొరకు దరఖాస్తు పెట్టుదురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ఇట్టి వెదకుటకై సూచికలను ఏర్పరచినది. మొదటి సూచికలో మనుష్యుల పేర్లు, రెండవదానిలో ఆస్తుల వివరములు ఉండును. పూర్వము గుమాస్తా ఏ సూచికను తెరచెనో, ఎన్ని సంపుటములు తిరుగవేసెనో చూడవచ్చును. 1998 నవంబరులో 'కార్డ్' పథకముతో రాష్ట్రమందలి రెండు వందలకు పైగా ఇట్టి కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించినవి. వెదకుట నిమిషముల పని అయినది. వెదకు తీరు మాత్రము తెర వెనుకకు పోయినది.

కంప్యూటరు దాచిన లెక్కలను అడుగుటకు ఒక భాష కలదు. 1970లో ఐ.బి.యం. పరిశోధకుడు ఎడ్గార్ కాడ్, సమాచారమునంతయు పట్టికలుగా ఉంచవలెననియు, కావలసినదేమో చెప్పిన చాలుననియు, వెదకు దారి యంత్రమే చూచుకొనవలెననియు ప్రతిపాదించెను. 1974లో అదే సంస్థలోని చాంబర్లిన్, బాయిస్ అనువారు ఇందుకొక భాషను కూర్చిరి. అదియే నేటి ఎస్.క్యు.ఎల్. 1986లో అది అమెరికాలో ప్రమాణ భాష అయినది.

అయితే ప్రోగ్రాములు వ్రాయువారు పట్టికలతో గాక 'వస్తువుల'తో ఆలోచించుటకు అలవాటుపడిరి. వారి దృష్టిలో దస్తావేజు ఒక వస్తువు, దాని యజమాని మరియొక వస్తువు. ఈ రెండు ధోరణుల నడుమ దుబాసివలె నిలిచినవి ఓ.ఆర్.ఎం. అను సాధనములు. 2001లో హైబర్నేట్, 2004లో రైల్స్, 2005లో జాంగో వెలువడినవి. వ్రాయువాడు తన భాషలో చెప్పును. దుబాసి దానిని ఎస్.క్యు.ఎల్. లోనికి మార్చి డేటాబేసును అడుగును.

చిక్కంతయు ఇచ్చటనే. నూరు దస్తావేజుల జాబితాయు, ఒక్కొక్క దాని యజమాని పేరును కావలెననుకొందము. దుబాసి మొదట జాబితాకై ఒక ప్రశ్న అడుగును. పిమ్మట ఒక్కొక్క యజమానికై ఒక్కొక్కటి. మొత్తము 101 ప్రశ్నలు! ఒక్క చీటీతో తెప్పింపగల కట్టలకై బంట్రోతును నూటొక్కమారు రికార్డు గదికి పంపినట్లే. ఐదు దస్తావేజులతో పరీక్షించునప్పుడు ఆరు ప్రశ్నలే గనుక దోషము కనబడదు. నిజమైన కార్యాలయములో తెర కదలదు, జనము వరుసలో నిలిచియుందురు.

అందుచేతనే దుబాసి మాటలను వినుటకు ఏర్పాట్లు ఉన్నవి. హైబర్నేట్‌లో 'షో ఎస్.క్యు.ఎల్.' అను అమరిక కలదు. రైల్స్ తయారీదశలో ప్రతి ప్రశ్నను చిట్టాలో వ్రాయును. జాంగో, దోషశోధన స్థితిలో నున్నంతవరకు, ప్రతి ప్రశ్నను దానికి పట్టిన కాలముతో సహా దాచిపెట్టును. ప్రశ్నను పంపకమునుపే అచ్చువేసి చూడవచ్చును గాని, అట్లు కనబడు వాక్యము అక్షరాల డేటాబేసుకు పోవునది కాదు. విలువల చుట్టు కొటేషను గుర్తులుండవు. దానిని యథాతథముగా నకలు చేసి నడుపబోయినవారు తికమకపడుట కద్దు.

చిట్టాలో ఒకే వాక్యము నూరుమార్లు కనబడినచో రోగము తెలిసినట్లే. యజమానులను కూడ మొదటి ప్రశ్నలోనే కలిపి తెమ్మని జాంగోకు ఒక్క మాట చెప్పినచో 101 ప్రశ్నలు ఒకటి యగును. అప్పటికిని ఆలస్యమైనచో, ఆ ప్రశ్నకు ముందు 'ఎక్స్‌ప్లెయిన్' అను మాట చేర్చి అడుగవలెను. ఏ సూచికను తెరచునో, లేక పట్టికనంతయు మొదటినుండి చదువునో డేటాబేసే చెప్పును.