వరాన్ని దాటిన కణం

క్యాన్సర్ కణాలను చంపగల సహజ హంతక కణాలనే తెల్ల రక్తకణాలను శాస్త్రం గుర్తించి 2025తో యాభై ఏళ్లు నిండాయి. సుశ్రుతుడు అర్బుదమని, పల్లెజనం రాచపుండని పిలిచిన క్యాన్సర్ వ్యాధికి శతాబ్దాల పాటు కోయడం, కాల్చడం తప్ప వేరు దారి లేదు. 1940ల చివర, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల రూపొందించిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులు పిల్లల రక్తక్యాన్సర్‌కు తొలి అడ్డుకట్ట వేశాయి.

అసలు ముచ్చట గొలిపే ఘట్టం 1970లలోనిది. క్యాన్సర్ కణాలతో ముందే పరిచయమైన ఎలుకల ప్లీహం నుంచి తెల్లకణాలు తీసి, అవి ఆ క్యాన్సర్ కణాలను ఎంతమేర చంపుతాయో పరిశోధకులు కొలిచేవారు. క్యాన్సర్ కణాల్లో రేడియోధార్మిక క్రోమియం నింపి, కణం పగిలినప్పుడు బయటపడే క్రోమియాన్ని లెక్కించడం పద్ధతి. చిక్కేమిటంటే, పోలిక కోసం పక్కన పెట్టిన, ఏ పరిచయమూ లేని ఎలుకల కణాలు కూడా హత్యలు చేస్తూనే ఉండేవి. చాలామంది దాన్ని ప్రయోగదోషంగా ఎంచి లెక్కలోంచి తీసివేసేవారు. స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా సంస్థలో రోల్ఫ్ కీస్‌లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్జెల్ ఆ దోషం వెనుక ఒక కొత్త జాతి కణం ఉందని 1975లో నిరూపించగా, అదే ఏడాది అమెరికాలో రొనాల్డ్ హెర్బర్‌మన్ బృందమూ అదే మాట చెప్పింది.

ఆ కణం దేన్ని చూసి చంపుతుందో 1986లో క్లాస్ కార్రె బృందం ప్రయోగపూర్వకంగా చూపింది. మన శరీరంలో కేంద్రకమున్న దాదాపు ప్రతి కణం ఒంటిపై హెచ్ఎల్ఏ అనే గుర్తులుంటాయి. టీ కణాలనే రక్షకులు ఆ గుర్తుల మీద మోసుకొచ్చిన ఆనవాళ్లను చూసే శత్రువును పోల్చుకుంటాయి గనుక, టక్కరి క్యాన్సర్ కణం గుర్తులనే దాచేస్తుంది. ఆళ్లగడ్డ పక్కనున్న అహోబిలం కథ తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు: హిరణ్యకశిపుడి వరంలో మిగిలిన సందులోంచే నరసింహుడు వచ్చినట్టు, గుర్తు లేకపోవడాన్నే నేరంగా ఎంచి సహజ హంతక కణం దాడి చేస్తుంది.

రక్తక్యాన్సర్‌కు చేసే మూలుగ మార్పిడిలో దాతల వంతు తర్వాత వచ్చింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరి హెచ్ఎల్ఏ గుర్తులు రోగికి పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. సగం సరిపోయే తల్లి, తండ్రి, బిడ్డ మాత్రం దాదాపు ప్రతి ఇంటా ఉంటారు. దాత సహజ హంతక కణాలకు రోగి క్యాన్సర్ కణాలపై తమ గుర్తు కనిపించదు గనుక ఆ పొంతన లేని సగమే మేలు చేయగలదని 2002లో ఇటలీలోని పెరూజియా వైద్యులు చూపారు. 2005లో మిన్నెసోటాలో జెఫ్రీ మిల్లర్ బృందం బంధువుల నుంచి తీసిన ఈ కణాలను మూలుగ మార్పిడి లేకుండానే ఎక్కించగా, మొండి రక్తక్యాన్సర్ ఉన్న 19 మందిలో అయిదుగురికి వ్యాధి జాడ కనిపించకుండా పోయింది.

ఆపైన కథ ఆశ, చిక్కులు కలగలిసి సాగింది. 2020లో హ్యూస్టన్ వైద్యులు బొడ్డుతాడు రక్తం నుంచి తీసి, జన్యుమార్పు చేసిన కణాలను ఇచ్చిన 11 మందిలో 8 మందికి గుణం కనిపించింది. దాత కణాలు రోగి శరీరంపైనే తిరగబడే ప్రమాదమూ ఎదురుకాలేదు. అయితే ఈ కణాలు సాధారణంగా శరీరంలో కొన్ని వారాలకు మించి నిలవవు, గడ్డకట్టించి కరిగిస్తే సత్తువ కోల్పోతాయి. నంద్యాల లాంటి ఊరి ఆసుపత్రికి ఇలాంటి మందు సీసాలో చేరాలంటే ముందు ఈ రెండో చిక్కు తీరాలి. చికిత్స ఇంకా ప్రయోగదశ దాటలేదు.