దూడల గురించి రాసిన రైతు: కాసరగోడు ఎండోసల్ఫాన్ కథ

ఈ పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ఎండోసల్ఫాన్ పేరు మనలో నలభై దాటిన వాళ్లందరికీ తెలుసు. పత్తికి కొట్టాం, మిరపకు కొట్టాం, కందికి కొట్టాం. 2011లో మందుల షాపుల్లోంచి అది మాయమైంది. ఎందుకు ఆపారని అడిగితే "గవర్నమెంటు బ్యాన్ చేసిందంట" అనేవాళ్లే గానీ, ఆ బ్యాన్ ఎక్కడ మొదలైందో ఎక్కువమందికి తెలీదు. అది ఢిల్లీలో మొదలవలేదు. కేరళలో ఒక మారుమూల ఊళ్లో, ఒక రైతు తన చుట్టుపక్కల పుట్టిన దూడల గురించి రాయడంతో మొదలైంది.

కేరళకు ఉత్తరం కొసన, కర్ణాటకను ఆనుకుని కాసరగోడు జిల్లా ఉంది. అక్కడ ప్రభుత్వానికి చెందిన ప్లాంటేషన్ కార్పొరేషన్‌కు వేల హెక్టార్లలో జీడితోటలున్నాయి. జీడికి టీ దోమ పెద్ద శత్రువు. పలాస వైపు రైతులకు దీని సంగతి చెప్పక్కర్లేదు, లేత చిగురూ పూతా మాడ్చేస్తుంది. దాన్ని చంపడానికి కార్పొరేషన్ 1970ల చివర్లో హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లించడం మొదలుపెట్టింది. ఏడాదికి రెండు మూడుసార్లు చొప్పున ఇరవై ఏళ్లకు పైగా చల్లారు.

ఇక్కడ నేల తీరు చెప్పాలి, లేకపోతే అసలు సంగతి అర్థం కాదు. తోటలేమో గుట్టల మీద, ఇళ్లూ పొలాలూ గుట్టల కింద. అక్కడి జనం తాగే నీళ్లకు చాలాచోట్ల బావులు మనలాగా కిందికి తవ్వరు. గుట్ట పక్కనుంచి అడ్డంగా సొరంగం తవ్వుతారు, దాంట్లోంచి ఊట నీళ్లు వాటంతటవే బయటికొస్తాయి. అంటే పైన చల్లిన మందు వానకు కరిగి ఎటు పోతుంది? వాగుల్లోకి, ఆ సొరంగాల్లోకి. వానాకాలం అక్కడ ఎంత గట్టిగా కురుస్తుందో తెలిసిందే కదా.

ఆ ప్రాంతంలో పడ్రె అనే ఊరుంది. ఆ ఊరి వక్కతోట రైతు శ్రీ పడ్రె. ఊరి పేరే ఆయన పేరులోనూ ఉంది. సేద్యం చేసుకుంటూనే పత్రికలకు రాసేవాడు. కాళ్లు వంకర్లు తిరిగిన దూడలు పుడుతున్నాయని 1979లోనే ఆయన గమనించాడు. ఒకటైతే ఏదో దైవలీల అనుకోవచ్చు. వరసబెట్టి పుడుతుంటే? పైనుంచి చల్లే మందుకూ దీనికీ సంబంధం ఉందా అని పత్రికల్లో రాశాడు. అప్పట్లో ఎవరికీ పట్టలేదు. దూడల గోడు ఎవరికి కావాలి?

తర్వాత మనుషుల వంతు వచ్చింది. ఆ ఊళ్లోనే చిన్న ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరు వై.ఎస్. మోహన్ కుమార్‌కు ఒక లెక్క తేడాగా తోచింది. అంత చిన్న ఊరికి ఇన్ని మూర్ఛ కేసులా? ఇంతమంది బుద్ధి ఎదగని పిల్లలా? ఇన్ని క్యాన్సర్లా? ఆయన ఇల్లిల్లూ గుర్తుపెట్టుకుని రాసుకుంటే, ఎక్కువ ఇళ్లు గుట్ట మీంచి వచ్చే వాగు పక్కనే తేలాయి. కారణం ఏమై ఉంటుందో చెప్పమని తోటి డాక్టర్లను అడిగాడు.

అదే జిల్లాలో వేరే చోట, వ్యవసాయ శాఖలోనే పనిచేసే లీలాకుమారి అమ్మ అనే ఆవిడ 1998లో హోస్‌దుర్గ్ మున్సిఫ్ కోర్టుకెక్కింది. ఆవిడ ఇల్లు తోటల పక్కనే. సర్కారు ఉద్యోగం చేస్తూ సర్కారు కార్పొరేషన్ మీద కేసు వేయడమంటే మామూలు ధైర్యం కాదు. హెలికాప్టరుతో చల్లొద్దని కోర్టు చెప్పింది.

ఇదంతా ఢిల్లీ దాకా చేరింది శ్రీ పడ్రె రాతల వల్లే. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ ఆ ఊరినుంచి నీళ్లు, మట్టి, కూరగాయలు, ఆవుపాలు, మనుషుల రక్తం తెప్పించి తన ల్యాబులో పరీక్ష చేయించింది. వాటిలో ఎండోసల్ఫాన్ పెద్ద మోతాదులో ఉందని 2001లో 'డౌన్ టు ఎర్త్' పత్రికలో వేసింది. ఊరుకుంటారా? కార్పొరేషన్ వేరే ల్యాబుతో పరీక్ష చేయించి ప్రమాదమేమీ లేదంది. కంపెనీలూ అదే పాట పాడాయి. ల్యాబుకు ల్యాబు పోటీ, మధ్యలో జనం.

అప్పుడు అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ రంగంలోకి దిగింది. ఇది కేంద్ర ప్రభుత్వానిదే. వీళ్లు మంచి పని చేశారు: మందు పడిన ఊరి మగపిల్లలు 117 మందినీ, మందు పడని ఊరి మగపిల్లలు 90 మందినీ పక్కపక్కన పెట్టి చూశారు. మందు పడిన ఊళ్లో 78 శాతం పిల్లల రక్తంలో ఎండోసల్ఫాన్ దొరికింది, రెండో ఊళ్లో 29 శాతంలో. అప్పటికి చల్లడం ఆగి కొన్ని నెలలైంది. తోటల కింది పిల్లలకు యవ్వన లక్షణాలు ఆలస్యంగా వస్తున్నాయని కూడా తేలింది. 2003లో ఇది అంతర్జాతీయ వైద్య పత్రికలో అచ్చయింది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అక్కడ కనిపించిన ప్రతి జబ్బుకూ ఎండోసల్ఫానే కారణమని ఒప్పుకోని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఉన్నారు. ఏ ఒక్క మనిషి జబ్బుకైనా ఇదే కారణమని వేలు పెట్టి చూపించడం కష్టమే. కానీ జనాన్ని అడక్కుండా, నీళ్లు కప్పకుండా ఇరవై ఏళ్లు ఊళ్ల మీద విషం చల్లడం తప్పా కాదా అన్నదానికి ల్యాబు అక్కర్లేదు.

కేరళలో వాడకం ముందే ఆగింది. మనం మాత్రం ఇంకా పదేళ్లు కొడుతూనే ఉన్నాం. మనకెవరూ చెప్పలేదు. 2011 ఏప్రిల్‌లో జెనీవాలో జరిగిన స్టాక్‌హోమ్ ఒప్పందం సమావేశంలో ప్రపంచ దేశాలు దీన్ని నిషేధ జాబితాలో చేర్చాయి. అప్పటిదాకా మన దేశమే దీనికి అడ్డుపడుతూ వచ్చింది, ఎందుకంటే తయారీలో మనమే ముందున్నాం. మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా తయారీ, అమ్మకం, వాడకం ఆపమంది.

కథ సుఖాంతం అనుకోకండి. 2017 జనవరిలో సుప్రీంకోర్టు బాధితులకు తలా 5 లక్షలు మూడు నెలల్లో ఇమ్మంది. 2022 మేలో మళ్లీ లెక్క అడిగితే, 3,704 మందిలో ఇచ్చింది 8 మందికి! కోర్టు గట్టిగా చీవాట్లు పెట్టాకే మిగతా డబ్బు కదిలింది. 1979లో దూడలు, 2022లో డబ్బులు. మధ్యలో నలభై మూడేళ్లు. మంచానికే పరిమితమైన బిడ్డకు అన్నం తినిపిస్తూ ఆ నలభై మూడేళ్లూ గడిపిన తల్లులున్నారు అక్కడ.

నేనిది ఎందుకు రాశానంటే, శ్రీ పడ్రె దగ్గర మొదట్లో ల్యాబు లేదు, లాయరు లేడు, పార్టీ లేదు. చూసింది రాసే అలవాటొక్కటే ఉంది. ఆ అలవాటు తోటి రైతులకూ అంటాలని, 1988లో మొదలైన 'అడికె పత్రికె' అనే కన్నడ పత్రికను ఆయన ముందుండి నడిపాడు. రైతుల కోసం రైతులే రాసే పత్రిక అది. రైతు చేతికి కలం రావాలన్నది ఆయన పంతం.

మనం ఏం చేస్తున్నాం? మందు కొట్టినాయన కళ్లు తిరిగి పడిపోతే, "ఎండదెబ్బ" అని మజ్జిగ తాగించి పడుకోబెడతాం. బిల్లు ఉండదు, డబ్బా కాలవలో పారేస్తాం. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక్క కాగితం ఉండదు. అడిగేవాళ్లు లేరంటే లేకేం చేస్తారు, మన దగ్గర లెక్కే లేకపోతే?

ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ రోజు, ఏ మందు, బ్యాచి నంబరు ఎంత, ఎన్ని ఎకరాలు, ఎవరు కొట్టారు, ఆ రోజు ఎవరికేమైంది. చేపలు తేలాయా, గేదె ఈసుకుపోయిందా, తేనెటీగలు రాలాయా. బిల్లు ఫోటో, డబ్బా ఫోటో ఫోన్లో దాచండి. ఎవరికైనా తేడా చేస్తే డబ్బా చేత్తో పట్టుకునే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏ విషమో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు ఇవ్వగలడు.

మీ ఊళ్లో ఇలాంటిది ఏదైనా గమనించి ఉంటే కామెంట్లో రాయండి. చిన్న విషయమని వదిలేయొద్దు. అక్కడా మొదట కనపడింది వంకర కాళ్ల దూడే.